‘మంచి తల్లికి అయిదు సూత్రాలు’ పంపుతున్న మిత్రులకు

ఈ నెలలో ఇది నాలుగోసారి. తిరుపతి బైరాగిపట్టెడలోని మా వీధివాళ్ల వాట్సాప్ గ్రూపులో మొదలై, చిత్తూరులోని వియ్యాలవారి మీదుగా, మదనపల్లెలో బాలింతగా ఉన్న మా మేనకోడలి దాకా చేరిన ఈ సందేశానికి ఇక జవాబు రాయక తప్పడం లేదు. పంపినవారిలో నా ఆప్తులూ ఉన్నారు. నొచ్చుకుంటే మన్నించాలి.

పుట్టిన మొదటి గంటలో బిడ్డను ఎదకు హత్తుకోకపోతే ఆ బంధం ఎన్నటికీ కుదరదన్నది మొదటి సూత్రం. ఈ లెక్కన సిజేరియన్ అయి మత్తులో ఉన్నవారు, దత్తత తీసుకున్నవారు తల్లులే కారు. తొలి గంట స్పర్శ మేలైనదే. బంధం మాత్రం నెలల తరబడి అల్లుకుంటుంది.

ఏడ్చినప్పుడల్లా ఎత్తుకుంటే బిడ్డ మొండికేస్తుందన్నది రెండోది. మూడు నెలల పసికందుకు అంత రాజకీయం తెలియదు. మనస్తత్వవేత్త మేరీ ఎయిన్స్‌వర్త్ అమెరికాలోని బాల్టిమోర్‌లో ఇళ్లకు వెళ్లి ఏడాది పాటు గమనించి 1972లో ప్రకటించినదాని ప్రకారం, వెంటనే పలికిన తల్లుల పిల్లలే తరువాతి నెలల్లో తక్కువగా ఏడ్చారు.

మూడో సూత్రం దగ్గర నా ఓర్పు నశించింది. తల్లి దిగులు పాలలో విషమై బిడ్డకు ఎక్కుతుందట. అందువల్ల ఆమె కన్నీళ్లు దిగమింగి నవ్వుతూ ఉండాలట. మాత్రలు వేసుకుంటే అది రెండో విషమట. పాలలో విషంతో వచ్చినది పూతన ఒక్కతే. ఆమెకు బాలింత దిగులు ఉన్నట్లు నేనెక్కడా వినలేదు. దిగులు బిడ్డను చేరే దారి వేరు. బిడ్డ ‘ఊ’ అంటే తల్లి ‘ఊ’ కొట్టడం, బిడ్డ చూపు వెంట ఆమె చూపు వెళ్లడం, ఇలా రోజంతా సాగే ఇచ్చిపుచ్చుకోవడంలోనే పసిమనసు తన భయాన్ని, కోపాన్ని నిమ్మళింపజేసుకోవడం నేర్చుకుంటుంది. తీవ్రమైన కుంగుబాటు తల్లి వైపు పలుకును మూగబోయేలా చేయగలదు. 1970లలో మనస్తత్వవేత్త ఎడ్వర్డ్ ట్రోనిక్ అమెరికాలో చేసిన ప్రయోగంలో, తల్లి రెండు మూడు నిమిషాలు ముఖంలో ఏ భావమూ లేకుండా కూర్చుంటే, బిడ్డ ముందు నవ్వించబోయి, చేతులు చాచి, చివరకు ముఖం తిప్పుకున్నది. తల్లి మళ్లీ పలకరించాక మెల్లగా తేరుకున్నది కూడా. బిడ్డకు పలికే మనిషి కావాలి. అతికించుకున్న నవ్వు ఎంతోసేపు పలకలేదు.

అందువల్ల చేయవలసినది తల్లికి చికిత్స. పాకిస్తాన్‌లోని రావల్పిండి పల్లెల్లో మన ఆశా కార్యకర్తల వంటివారే ఇళ్లకు వెళ్లి, మాటల ద్వారా చేసే చికిత్సను కుంగిన గర్భిణులకు అందించారు. 2008లో వెలువడిన ఫలితాల ప్రకారం, బిడ్డకు ఆరు నెలలు వచ్చేసరికి వారిలో 23 శాతం మందికే కుంగుబాటు మిగిలింది. ఆ చికిత్స లేకుండా ఇంటి సందర్శనలు మాత్రమే అందినవారిలో అది 53 శాతం. ఇక మాత్రల సంగతి: కుంగుబాటుకు ఇచ్చే సెర్ట్రలీన్ వంటివి పాలలోకి చాలా స్వల్పంగానే వెళతాయి కనుక వైద్యులు పాలిచ్చే తల్లులకు వాటిని రాస్తారు. ఈ సందేశం చదివి ఒక తల్లి మాత్ర మానేస్తే, ఫార్వర్డ్ నొక్కిన వేలు ఆ భారం మోస్తుందా? పంపాలనే ఉంటే మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే సహాయవాణి టెలీ మానస్ నంబరు 14416 పంపండి.

బాలింత దిగులు ఈ కాలపు చదువుకున్న పిల్లల జబ్బన్నది నాలుగోది. ఫ్రెంచి వైద్యుడు మార్సే గర్భిణుల, బాలింతల మతిచాంచల్యం మీద పుస్తకం రాసినది 1858లో. ‘బాలింత సన్ని’ అన్న మాట మన అమ్మమ్మలదే.

పాలిచ్చేటప్పుడు ఫోను చూడరాదన్న అయిదో సూత్రాన్ని కూడా కొట్టిపారేయాలనే కూర్చున్నాను, కానీ ట్రోనిక్ ప్రయోగం రాశాక ఆ పని చేయలేకపోతున్నాను. ఫోనులో మునిగిన ముఖం ఆ ముఖానికి చాలా దగ్గర. తండ్రిదైనా, తాతదైనా అంతే. అదే మాట చెబుదామని మేనకోడలికి ఫోను చేసి, బిడ్డకు పాలిస్తూ ఏం చూస్తున్నావని అడిగాను.

“మీరంతా పంపిన సూత్రాలే మామా,” అన్నది.