కిట్టుకూ నీడ కావాలి

చలిజ్వరంతో వణుకుతున్న మనిషికి మలేరియా ఉందో లేదో తేల్చడానికి వేలి కొన నుంచి తీసిన ఒక్క రక్తపు చుక్క చాలు. దాన్ని చిన్న పరీక్ష కిట్టుపై వేసి, రెండు మూడు చుక్కల ద్రావణం కలిపితే ఇరవై నిమిషాల్లో గీత తేలుతుంది. కరెంటు అక్కరలేదు, ఖరీదు తక్కువ, ఆశా కార్యకర్త ఇంటి అరుగు మీదే చేయగలరు. గుండీకి దారం కట్టి గిర్రున తిప్పే పిల్లల ఆట సూత్రంతో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో శాస్త్రవేత్త మను ప్రకాశ్ బృందం 2017లో కాగితపు సెంట్రిఫ్యూజ్‌నే (రక్తాన్ని గిరగిరా తిప్పి, అందులోని భాగాలను వేరుచేసే పరికరం) చేసి చూపింది. దాని ఖరీదు 20 అమెరికన్ సెంట్లు. పేదవాడి రక్తపరీక్షకు ఇంత తెలివి ఖర్చు చేస్తున్న వారికి చేతులెత్తి మొక్కాలి.

మా ఆందోళన విజయవాడ ఎండ గురించి. ఈ కిట్లలో చాలావాటిని 30 లేదా 40 డిగ్రీలకు మించని చోట దాచాలని పెట్టె మీదే రాసి ఉంటుంది. మే నెలలో ఈ ఊళ్లో నీడలోనే 40 దాటడం కొత్త కాదు; రేకుల కప్పు కింద గది ఎలా ఉంటుందో కొండవాలు కాలనీల వారిని అడగాలి. వేసవి అంతా అలాంటి గదిలో మగ్గిన కిట్టే వానాకాలంలో, కాలువ గట్ల వెంట జ్వరాలు మొదలయ్యాక బయటికి వస్తుంది. వేడికి దెబ్బతిన్న కిట్టు చూడటానికి కొత్తదానిలాగే ఉంటుంది. పరీక్ష సరిగా జరిగిందని చెప్పే గీత కూడా పడవచ్చు. అది ద్రావణం పారిందనడానికే గుర్తు, వ్యాధిని పట్టే శక్తి మిగిలి ఉందనడానికి కాదు. మలేరియాలో అత్యంత ప్రమాదకరమైన రకమైన ఫాల్సిపారం సోకిన బిడ్డను ‘మలేరియా లేదు’ అని ఇంటికి పంపితే జ్వరం మెదడుకెక్కడానికి ఎంతో సమయం పట్టదు.

కిట్లు వచ్చాయి కదా అని మైక్రోస్కోప్‌ను మూలన పెట్టడమూ తగదు. ఫాల్సిపారాన్ని గుర్తించే కిట్లలో ఎక్కువ భాగం పట్టే ప్రొటీన్ జబ్బు నయమైన తర్వాతా కొన్ని వారాలు రక్తంలో ఉండిపోతుంది; కిట్టు ఇంకా మలేరియా ఉందనే చూపవచ్చు. మందు పనిచేసిందో లేదో మైక్రోస్కోప్ కింద రక్తపు స్లైడు చూసిన ల్యాబ్ టెక్నీషియనే చెప్పాలి.

కొనుగోలులో తక్కువ ధర ఒక్కటే కొలబద్ద కాకూడదు. పట్టణ ఆరోగ్య కేంద్రాల్లో కిట్లు పెట్టే ప్రతి అలమారా పక్కన థర్మామీటరు వేలాడదీయాలి. ప్రతి మధ్యాహ్నం ఆ అంకెను రిజిస్టరులో రాయాలి. వేసవి దాటిన ప్రతి బ్యాచ్ నుంచి కొన్నింటిని తొలకరికి ముందే పరీక్షకు పంపాలని ఆరోగ్య శాఖను, నగరపాలక సంస్థను కోరుతున్నాం.