మన హెలికాప్టర్‌ను మనమే కూలిస్తే జవాబు చెప్పాల్సింది ఎవరు?

నల్లగొండ ఎన్జీ కాలేజీ గ్రౌండ్‌లో, ఆర్మీ సెలక్షన్లకు పరుగు ప్రాక్టీస్ చేసే పిల్లల మధ్య మొదలైన వాదన ఇది. ఒకరు ఎయిర్ డిఫెన్స్‌లో గన్ దగ్గర పనిచేసి రిటైరైన జవాను. ఇంకొకరు ఆయన తమ్ముడి కూతురు, లాయరు. విషయం 2019 ఫిబ్రవరి 27న కశ్మీర్‌లోని బుద్గాంలో కూలిన మన ఎంఐ-17 రవాణా హెలికాప్టర్. తగిలింది మన క్షిపణే. ఆరుగురు వైమానిక దళ సిబ్బంది, కింద ఉన్న ఒక పౌరుడు చనిపోయారు.

లాయరు: పెద్దనాయనా, ఆ హెలికాప్టర్ లేచింది శ్రీనగర్‌లోనే, కూలిందీ ఆ పక్కనే. అది గాల్లో ఉందని ఒక గదిలో తెలిసి ఇంకో గదిలో తెలియకపోతే, దాన్ని పొరపాటు అని వదిలేయాలా?

జవాను: ఆ పొద్దున పాకిస్తాన్ విమానాలు ఇటు వచ్చినయి బిడ్డా. అందరికీ టెన్షనే. రాడార్ తెర మీద కనబడేది హెలికాప్టర్ కాదు, ఒక చుక్క. అది మనదా కాదా తేల్చుకోవడానికి ఉండేది క్షణాలు.

లాయరు: "నేను మనవాణ్నే" అని జవాబిచ్చే ఐఎఫ్ఎఫ్ పరికరం ఉన్నది అందుకే కదా?

జవాను: పరికరం ఒక్కటే కాపాడదు. రెండో ప్రపంచ యుద్ధంలో ఇటలీ దీవి సిసిలీలో జరిగిన సంగతి విను. 1943 జులై 11 రాత్రి అమెరికా వాళ్లు 144 సీ-47 విమానాల్లో సుమారు 2,000 మంది పారాట్రూపర్లను పంపారు. దారి సొంత ఓడల మీదుగా, సొంత సైన్యం మీదుగానే. కానీ ఆ రోజంతా జర్మన్లు అక్కడ బాంబులు వేస్తూనే ఉన్నారు. మొదట వచ్చిన విమానాల్లోంచి మనుషులు క్షేమంగానే దూకారు. ఇంతలో కింద ఒక్క గన్ పేలింది. అంతే, తీరంలో ఉన్నవన్నీ అందుకున్నాయి. 23 విమానాలు పోయాయి, 37 దెబ్బతిన్నాయి. పక్క గన్ కాలుస్తుంటే చేయి ఆపుకోవడం ఎంత కష్టమో గన్ దగ్గర కూర్చున్నోడికి తెలుస్తది.

లాయరు: విమానాలు వస్తాయని గన్‌ల వాళ్లకు ముందే చెప్పమన్నారు కదా! ఆ పారాట్రూపర్ల డివిజన్ జనరల్ రిడ్జ్‌వే స్వయంగా తిరిగి ఆరు గన్‌ల దగ్గర అడిగితే, ఐదింటి వాళ్లకు కబురు అందింది, ఒక దాని వాళ్లకు అందలేదు. నేను అడిగేది ఆ ఆరో గన్ గురించే.

జవాను: విచారణలో ఫలానా వాడిదే తప్పని తేల్చలేకపోయారు. మరుసటి ఏడాది ఫ్రాన్స్ తీరం నార్మండీ మీద దాడికి పోయే విమానాల రెక్కల మీద తెలుపు, నలుపు చారలు ఐదు వేశారు, కిందివాడు చూడగానే గుర్తుపట్టేట్టు. మనిషిని శిక్షిస్తే వచ్చేది కాదది.

లాయరు: నిజాన్ని దాచినా వచ్చేది కాదు. బుద్గాంలో మన క్షిపణే తగిలిందని, అది మా తప్పేనని వైమానిక దళాధిపతి చెప్పింది అక్టోబర్ 4న. ఏడు నెలలు!

జవాను: మర్నాడే చెప్తే మన లోపం ఎక్కడుందో శత్రువుకు తెలిసిపోదా?

లాయరు: శత్రువు సంగతి సరే. చనిపోయిన వాళ్ల ఇంటోళ్లకు?

(ఈ ప్రశ్నకు జవాబు దొరుకుతుందని నేను అనుకోను. విచారణ పూర్తి కావాలన్నది నిజమే. కానీ బిడ్డ ఎట్లా పోయాడని అడిగే తల్లికి విచారణ ముగిసేదాకా ఆగమనడం అన్యాయం.)

జవాను: ఇంటోళ్లకు చెప్పాల్సిందే. దానికి నేను అడ్డం చెప్పను. కానీ గన్ దగ్గరున్నోణ్ని బలిపెట్టొద్దు.

లాయరు: బలిపెట్టమని నేనెప్పుడన్నా? కబురు పంపాల్సింది ఎవరు, అందిందో లేదో చూడాల్సింది ఎవరు, ఆ పేరు చెప్పమంటున్నా.

జవాను: మా దగ్గర డ్యూటీ మారేటప్పుడు రిజిస్టర్‌లో సంతకం పెట్టేవాళ్లం, ఆ పూట వచ్చిపోయే మన విమానాల సంగతి మాకు చెప్పారని.

లాయరు: ఆ రిజిస్టరే నేను కోర్టులో తెరవమనేది.

జవాను: తెరువు. సంతకం పెట్టినోడితో పాటు, పెట్టించుకోవాల్సిన ఆఫీసర్‌ను కూడా పిలువు.