గౌరవంగా పో

మా గోదావరి వాళ్ళకి "అండి" లేకుండా మాట బయటికి రాదు. వీధి కుక్కని అదిలించాలన్నా "కాస్త లెగండి" అనే బాపతు మేం. రాజమండ్రిలో పందొమ్మిదేళ్ళు ఆయ్, అండీ అంటూ పెరిగిన నోరు నాది. దాన్ని తీసుకెళ్ళి ఫిలిప్పీన్స్‌లో పడేశారు. మన "అండి" ఉండే చోట అక్కడ వాడే మాట ఏమిటో తెలుసా? "పో".

ఒట్టు. తగాలోగ్ భాషలో పెద్దవాళ్ళతో మాట్లాడేటప్పుడు వాక్యంలో ఎక్కడో ఒక పో తగిలించాలి. "సలామత్ పో" అంటే థాంక్సండీ. "ఓపో" అంటే అచ్చం మన ఆయ్. పో అనకపోతే పెంపకం సరిగ్గా లేదంటారు. అంటే మా ఇంట్లో ఏ మాటకి వీపు మోగేదో, ఇక్కడ ఆ మాట అనకపోతే పరువు పోతుంది.

నేనక్కడికి ఎందుకెళ్ళానో చెప్పాలి కదా. మాది కడవరి దిన పరిశుద్ధుల సంఘం అనే క్రైస్తవ శాఖ. మోర్మన్లంటే బయటివాళ్ళకి గుర్తొస్తుంది. ఆ పేరు వాడొద్దని 2018లో మా పెద్దలు గట్టిగానే చెప్పారు గానీ, అసలు పేరు మొత్తం పలికేలోపు అవతలివాళ్ళు తలుపేసేస్తారు. మా మగపిల్లలు పద్దెనిమిది దాటాక రెండేళ్ళు మిషన్ సేవకి, అంటే ఇల్లిల్లూ తిరిగి మతం గురించి చెప్పడానికి వెళ్తారు. ఎక్కడికన్నది మన చేతుల్లో లేదు, పిలుపు ఎక్కడికొస్తే అక్కడికే. నాకు ఫిలిప్పీన్స్ వచ్చింది. మనీలా ట్రైనింగ్ సెంటర్‌లో ఆరు వారాలు భాష నూరిపోసి, దక్షిణాన లగూనా ప్రావిన్స్‌లోని శాన్ పాబ్లోకి పంపారు. ఏడు చెరువుల ఊరంటారు దాన్ని. అన్నిటికన్నా పెద్ద చెరువు పేరు సంపాలోక్, అంటే చింత. ఏడు సముద్రాలు దాటి వచ్చి మళ్ళీ చింత చెరువు గట్టునే తేలాను.

తెల్ల చొక్కా, టై, జేబు మీద నల్ల బిళ్ళ. దాని మీద "ఎల్డర్" అని, పక్కన ఇంటిపేరు. ఎల్డరంటే పెద్దాయన. మీసం పెంచే వీల్లేని, పెంచినా సరిగ్గా రాని పెద్దాయన్ని. ఇక ఇంటిపేరంటారా, మొత్తం చెప్పను గానీ "పూస" అని మొదలవుతుంది. తగాలోగ్‌లో పూస అంటే పిల్లి. మా వీధి పిల్లలకి ఇంతకన్నా ఏం కావాలి? నేను మలుపు తిరగ్గానే "మ్యావ్" అని స్వాగతం.

మాకు ఒంటరిగా తిరిగే పని లేదు, ఎప్పుడూ జంటే. నా జతగాడు ఐడహో నుంచి వచ్చినవాడు. వాళ్ళది బంగాళాదుంపలకి పేరుపడ్డ రాష్ట్రం. ఆరడుగుల పైమాటే కావడంతో జీప్నీ, అంటే అక్కడి పొట్టి బస్సు, ఎక్కినప్పుడల్లా తలకి బొప్పి కట్టేది. నాకన్నా పది నెలలు ముందొచ్చాడు కాబట్టి భాషలో నాకు గురువు.

మొదటి రోజు మొదటి ఇల్లు. గేటు దగ్గర నిలబడి "తావో పో!" అని కేకెయ్యాలి, అంటే మనుషులండీ అని. తలుపు కొట్టడం కన్నా అదే మర్యాద. ఓ ముసలమ్మ బయటికొచ్చి చిరునవ్వుతో "తులోయ్ పో కయో" అంది. లోపలికి రండి బాబూ అని. ట్రైనింగ్‌లో వందసార్లు వల్లించిన మాటే. బుర్రకి అర్థమైంది గానీ కాళ్ళు రాజమండ్రివి. పో అని వినపడగానే చక్కగా వెనక్కి తిరిగి నాలుగడుగులు వేశాయి. గురువు చొక్కా పట్టుకుని లాక్కొచ్చాడు.

జీప్నీ సంగతి ఇంకా ఘోరం. దిగాలంటే "పారా పో" అని అరవాలి, ఆపండీ అని. నా నోటికి అది "పారిపో" అని తప్ప రాలేదు. అయినా బండి ఆగేది. రెండేళ్ళూ డ్రైవర్లందర్నీ పారిపొమ్మంటూనే దిగాను.

వీటన్నిటినీ మించింది వడ్డీల గోల.

ఫిలిప్పీన్స్‌లో భారతీయుణ్ణి "బుంబాయ్" అంటారు. మన పంజాబీలు కొందరు అక్కడ మోటార్ సైకిళ్ళ మీద తిరుగుతూ అప్పులిచ్చి రోజువారీ వసూలు చేసుకుంటారు. దాన్ని "ఫైవ్ సిక్స్" అంటారు, అయిదు తీసుకుంటే ఆరు కట్టాలి. మన వైపు డైలీ ఫైనాన్స్ లాంటిదే. ఇప్పుడు వాళ్ళ కళ్ళతో నన్ను చూడండి. చామనఛాయ మొహం, ఇస్త్రీ చొక్కా, భుజాన బ్యాగు, చేతిలో రాసుకునే పుస్తకం. ఉదయం పదింటికి గేటు ముందు నిలబడి కేకలు.

ఆ రోజు ఓ ఇంటి ముందు "తావో పో" అన్నాను. ఆరేళ్ళ పిల్లాడొచ్చి నన్ను ఎగాదిగా చూసి, కంఠతా పట్టిన పాఠంలా అప్పజెప్పాడు. "వలా పో సి నానాయ్!"

నానాయ్ అంటే అమ్మ. మా అమ్మ ఇంట్లో లేదండీ అంటున్నాడు. నా చెవికి మాత్రం "నాన్న లేడు పో" అనే వినపడింది. ఆ మాట నాకు కొత్తా ఏమన్నానా? మా వీధిలో ఫైనాన్స్ బండి ఆగినప్పుడల్లా అమ్మ వెనకనుంచి గిల్లితే, గుమ్మంలో నిలబడి నేను చదివిన పాఠం అదే కదా. వీడి వెనక తడబట్ట వేలాడుతున్న గుమ్మం ఉంది, బట్ట కింద రెండు కాళ్ళు, ఒక గరిటె కొస. గరిటె నుంచి పులుసు చుక్కలు నేల మీద పడుతున్నాయి.

అది చూసి గురువు ఒక ఉపాయం చెప్పాడు. రేపటి నుంచి తను ముందు నిలబడతాడట, నేను వెనక ఉండాలట. చేశాం. ఇంకా ముదిరింది. "బుంబాయ్ ఈసారి వసూలుకి అమెరికావాణ్ణి కూడా తెచ్చుకున్నాడు" అని వీధంతా పాకింది.

చివరికి ఆ ఇంటి ముసలమ్మే నా బిళ్ళ చదివి, విషయం కనుక్కుని, పగలబడి నవ్వి పిలిచింది. ఇంట్లో మగవాళ్ళు లేకపోతే మేం లోపలికి వెళ్ళకూడదు కాబట్టి, వాకిట్లో వెదురు బల్ల మీద కూర్చున్నాం. కోడలు కాఫీ పెట్టబోయింది. మాకు కాఫీ టీలు నిషేధం అని చెప్తే, పాపం ఏ రోగమో అన్నట్టు చూసి సినిగాంగ్ పోసిచ్చింది. చింతపండు పులుసే. తాలింపొక్కటే తక్కువ. రెండో గిన్నె అడగడానికి సిగ్గుపడుతుండగా వీధి చివర మోటార్ సైకిల్ చప్పుడైంది.

కోడలు మాయం. తడబట్ట కిందికి మళ్ళీ రెండు కాళ్ళొచ్చాయి. ముసలమ్మ నా వైపు వంగి మెల్లగా అంది. "మీ దేశం వాడే కదా బాబూ. మా కోడలు ఊళ్ళో లేదని నువ్వే చెప్పి పంపెయ్."

గురువు వంక చూశాను. అతను కొబ్బరిచెట్టులో కాయలు లెక్కపెడుతున్నాడు. నా జేబు మీదేమో యేసు క్రీస్తు పేరున్న బిళ్ళ. అది పెట్టుకుని అబద్ధం ఎలా ఆడేది? చెప్పకపోతే తాగిన పులుసుకి ద్రోహం.

గేటు దగ్గరికెళ్ళాను. తలపాగా పెద్దమనిషి నన్ను చూసి మొహం విప్పార్చుకుని, ఏ ఊరని హిందీలో అడిగాడు. ఆంధ్రా అన్నాను. "ఓ, మద్రాసీ!" అని భుజం తట్టాడు. తర్వాత ఇంటివైపు చూపిస్తూ, ఆవిడ ఉందా అన్నాడు. పదో తరగతి హిందీ, ఆరు వారాల తగాలోగ్, పందొమ్మిదేళ్ళ తెలుగు, మూడూ ఒకేసారి గొంతులోకొచ్చి ఇరుక్కున్నాయి. వాటిలోంచి ఊడి బయటపడింది ఒక్క ముక్కే.

"...పో."

తగాలోగ్‌లో మర్యాదగానే అన్నాను. తెలుగులో ఉన్నమాటే అన్నాను. అబద్ధం అయితే ఆడలేదు.

ఆయన నా మొహం చూశాడు, బిళ్ళ చూశాడు, వెదురు బల్ల మీద సగం తిన్న మూడు గిన్నెలు చూశాడు. నవ్వి, బండి స్టార్ట్ చేసి, గోడ మీదుగా కేకేశాడు. "రేపొస్తా ఆతే!" ఆతే అంటే అక్క.

తడబట్ట వెనకనుంచి ఎంతో మర్యాదగా జవాబొచ్చింది. "ఓపో!"

ఆ సోమవారం ఇంటికి ఫోన్ చేశాను. 2019 ఫిబ్రవరి నుంచి మాకు వారానికోసారి మాట్లాడే వీలుంది. అంతకుముందు వెళ్ళినవాళ్ళకి ఏడాదికి రెండే కాల్స్, క్రిస్మస్‌కీ మదర్స్ డేకీ. బకెట్లో చొక్కాలు నానబెట్టి, వీడియోలో అమ్మకి ఈ కథంతా చెప్పి, "సరేనమ్మా, ఉంటాను పో" అన్నాను.

అమ్మ మొహం మారిపోయింది. సర్దబోయేలోపు గురువు మధ్యలో తలపెట్టాడు. ఆ పొద్దున్నే నేను నేర్పిన తెలుగుని, తనకి తెలిసిన మర్యాదతో కలిపి, చేతులు జోడించి "నమస్కారం పో!" అన్నాడు.

వెనక మంచం మీంచి తాతయ్య గొంతు. "ఎవర్రా పొమ్మంటున్నది?"

"మీ మనవడేనండీ" అంది అమ్మ. "గౌరవం నేర్చుకున్నాట్ట."