డోపింగ్ సదస్సు దిగ్విజయం, స్పాన్సర్ ప్రొటీన్ డబ్బాల దుకాణం

ఉమ్మడి నల్లగొండ, పాలమూరు జిల్లాలల్ల డోపింగ్ మీద, అంటే ఆటలల్ల నిషేధ మందులు వాడుడు మీద, అవగాహన ఇగ పెరగడానికి జాగ లేనంత పెరిగిందని తెలియజేయడానికి సంతోషిస్తున్న. మొన్న ఒక డిగ్రీ కాలేజీల సదస్సు పెట్టిన్రు, పేరెందుకు గనీ చానా ఘనంగ అయింది. స్టేజీ నిండ పెద్దమనుషులు, కింద కుర్చీల నిండ ఎన్‌ఎస్‌ఎస్ పిల్లలు. ఆటగాళ్ళేరి అంటే, వాళ్ళు ఇంటర్ యూనివర్సిటీ సెలక్షన్స్ ఉన్నయని గ్రౌండ్ల ఉర్కుతున్నరు, వాళ్ళని డిస్టర్బ్ చేయొద్దని పీడీ సారే పిలవలేదట.

ముఖ్య అతిథి గారు గంజాయి, గుట్కా, డ్రంక్ అండ్ డ్రైవ్ మీద దంచి కొట్టిన్రు. కండల కోసం దొంగచాటుగ వాడే స్టెరాయిడ్ అనే మాట ఒక్కసారి వచ్చింది, అదన్నా కరోనాల వాళ్ళ బామ్మర్దికి ఎక్కిచ్చిన కథల వచ్చింది. తర్వాత అందరితోని చెయ్యి ముంగటికి చాపిచ్చి ప్రతిజ్ఞ, దాని తర్వాత క్విజ్, క్విజ్‌ల గెలిచిన పిల్లగానికి బహుమతి ఏందంటే మాస్ గెయినర్ అనే ఒళ్ళు పెంచే పొడి డబ్బా. ఫ్లెక్సీల కింద మూలకు చూస్తే సమజైంది, స్పాన్సర్ ఆ డబ్బాలమ్మే దుకాణమే. దీన్ని తప్పు పట్టేటోళ్ళు పడతరు గనీ, సమస్యనూ పరిష్కారాన్నీ ఒక్క ఫ్లెక్సీ మీదికి తెచ్చుడు మామూలు ముచ్చట కాదు.

అసలు క్లాసులు నడిచేది జిమ్ములల్ల. అక్కడ ప్రొఫెసర్ గారు మొన్నటిదాక సెల్ ఫోన్లు రిపేర్ చేసిండు, ఇప్పుడు కండలు రిపేర్ చేస్తుండు. "తమ్మీ, ఇది ఫుల్ నాచురల్, ఏం కాదు, నేను వాడుతలేనా" అంటడు, ఇంతకు మించి రీసెర్చ్ పేపర్ ఎవనికి గావాలె. డబ్బా మీద ముంగట సింహం, మెరుపులు, వెనకాల చీమ తలకాయంత అక్షరాలు, అండ్ల జెరేనియం ఎక్స్‌ట్రాక్ట్ అని ఉంటది, పిల్లగాడు ఏదో పూల మొక్క రసం అనుకుంటడు. గా పూల పేరు చాటున అమ్ముకున్న సరుకు మిథైల్‌హెక్సేన్‌అమైన్ అనే నిషేధ మందు, 2010 ఢిల్లీ కామన్వెల్త్ గేమ్స్ ముంగట మన రెజ్లర్లు కొందరు గదాంట్లనే దొరికిన్రు. ఇంకో తమాషా ఏందంటే లేబుల్ మీద అసలే లేని మందు సుత లోపల ఉండొచ్చు, ఫ్యాక్టరీల ఒకటే మెషీన్ మీద పొద్దుగాల ఒకటి, మాపటికి ఒకటి కలుపుతరు గద.

దొరికితే ఎవరి మీదికొస్తది? దుకాణపోని మీదికి రాదు, సింహం మీదికి అసలే రాదు. ఒంట్లకు ఏం పోయినా బాధ్యత ఆటగానిదే, తెల్వక తాగిన అన్నా సరే, తెలిసి తాగితే 4 ఏండ్లు, తెల్వక తాగితే ఏదో కొంత తగ్గియ్యొచ్చు. ఆసియా గేమ్స్ గోల్డ్ గెలిచిన మన రిలే అమ్మాయిలు ముగ్గురు 2011ల దొరికి, కోచ్ ఇచ్చిన జిన్‌సెంగ్ గోలీల వల్లనే అని మొత్తుకున్నరు, అయినా చివరికి 2 ఏండ్లు బ్యాన్ పడ్డది. క్రికెటర్ పృథ్వీ షాకు 2019ల దగ్గు మందు తాగినందుకు 8 నెలలు బ్యాన్ పడ్డది, దాంట్ల టెర్బ్యుటలిన్ అనే నిషేధ మందు ఉండె. ఆయనకు డాక్టర్లు, ఫిజియోలు, బోర్డు అన్నీ ఉన్నయి. మన దేవరకొండ పిల్లకు దగ్గొస్తే సలహా ఇచ్చేది బస్టాండ్ ముంగటి మెడికల్ షాపాయన.

కానిస్టేబుల్ ఈవెంట్లకు తయారయ్యే తమ్ముళ్ళ సంగతి వేరే. ఆపరేషన్ థియేటర్ల బీపీ పడిపోతే ఇచ్చే మెఫెంటర్మిన్ సూదిని పరుగుకు ముందు ఏసుకునేటోళ్ళు ఉన్నరు. వాళ్ళ దగ్గరికి ఆటగాళ్ళకు డోపింగ్ టెస్టులు చేసే మన దేశపు సంస్థ నాడా రాదు, గుండె డాక్టరే రావాలె.

మనమేం తక్కువ తినలేదు. ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ వాడా 2022 లెక్కలల్ల ఇండియావి 3,865 శాంపిల్స్, పాజిటివ్ 125, ఎక్కువ టెస్టులు చేసే దేశాలల్ల పాజిటివ్ శాతంల మనదే ఫస్ట్ ర్యాంకు. 2023 సెప్టెంబర్‌ల ఢిల్లీ స్టేట్ మీట్‌కు నాడా వాళ్ళు వస్తే 100 మీటర్ల ఫైనల్‌ల ఒక్కడే ఉరికిండు, మిగిలినోళ్ళకు ఒకేసారి కాళ్ళు గుంజినయి. స్టీపుల్‌చేజ్ ఉరికిన ఒక అమ్మాయైతే ఫినిష్ లైన్ దాటినంక సుత ఆగకుండ ఉరుకుతనే ఉన్నది, శాంపిల్ తీసేటోళ్ళు వెనక. అంత స్టామినా దేశానికి ఎప్పుడు పనికొస్తదో. మా అదృష్టం ఏందంటే ఫ్లోరైడ్ నిషేధ మందుల లిస్టుల లేదు, ఉంటే మర్రిగూడ దిక్కు నీళ్ళు తాగి పెరిగినోళ్ళు ఒక్కరు సుత గ్రౌండ్‌ల అడుగు పెట్టకపోదురు.

సదస్సు చివర్ల వెనక వరుస నుంచి ఒక పిల్ల లేసి, సార్ నాకు ఆస్తమా ఉన్నది, ఇన్‌హేలర్ వాడొచ్చా, ఏమన్నా పర్మిషన్ తీసుకోవాల్నా అని అడిగింది. రోజంతల పనికొచ్చే మాట అదొక్కటే. దానికి ఉన్న జవాబు మందు పేరు కొడితే నిషేధమా కాదా చెప్పే నాడా వాళ్ళ నో యువర్ మెడిసిన్ యాప్, నిషేధమైతే రోగానికి ఆ మందు వాడుకోనియ్యుర్రి అని పెట్టుకునే టీయూఈ అనే దరఖాస్తు. స్టేజీ మీదోళ్ళు ఒకరి మొకం ఒకరు చూసుకున్నరు, "భోజనాలు చల్లారుతున్నయి, డౌట్లు తర్వాత" అని వందన సమర్పణ మొదలువెట్టిన్రు.

వచ్చే ఏడాది సదస్సుకు నాదొక విన్నపం. సెలక్షన్స్ లేని రోజు చూసి గ్రౌండ్ల ఉన్నోళ్ళనే కూసోవెట్టుర్రి, ఫోన్లు తియ్యమనుర్రి, ఆ యాప్ డౌన్‌లోడ్ చేపిచ్చి బ్యాగులల్ల ఉన్న గోలీలు, సీసలు ఒక్కొక్కటి వాళ్ళ చేతనే కొట్టిచ్చుర్రి. డబ్బాలకైతే ఏ యాప్ గ్యారంటీ ఇయ్యదు, నాడా సుత ఇయ్యదు, ఆ మాట దుకాణపాయన ముంగటనే చెప్పుర్రి. అధ్యక్షుల వారికి అభ్యంతరం లేకుంటే శాలువాలు ఆ తర్వాత కప్పుకోవచ్చు.