‘మేము’ అనే ఒక్కడు

మ్యానిఫెస్టో రాయడానికి మొదట కావలసింది సిద్ధాంతం కాదు, ‘మేము’ అనే మాట. ‘నాకు ఒళ్లు మండింది’ అంటే ఇంట్లోవాళ్లు కూడా పట్టించుకోరు. ‘మేము ఆగ్రహిస్తున్నాము’ అని అచ్చేస్తే అది చరిత్ర.

రెండోది, గడువు దాటించడం. కమ్యూనిస్ట్ లీగ్ 1847 చివర్లో మార్క్స్, ఎంగెల్స్‌లకు ‘కమ్యూనిస్ట్ మ్యానిఫెస్టో’ రాసే పని అప్పగిస్తే జనవరి అయిపోవస్తున్నా రాతప్రతి జాడ లేదు. ఫిబ్రవరి 1 లోగా లండన్ చేరకపోతే చర్యలు తప్పవని మార్క్స్‌కు తాఖీదు వెళ్లింది. ఆ నెలలోనే 23 పేజీల పుస్తకం బయటికొచ్చింది, అట్ట మీద రచయితల పేర్లు లేకుండా. లోకాన్ని వణికించిన రాతకు కూడా వెనక ఒకడు గదమాయించాల్సి వచ్చిందన్నమాట. నాలాంటి బద్ధకస్తులకు ఎంత ఊరట!

అయితే ఈ విద్యలో అసలు ఘనాపాఠి ఇటలీ కవి మరినెట్టి. 1909 ఫిబ్రవరి 20న పారిస్ పత్రిక ‘ఫిగారో’ మొదటి పేజీలో ఫ్యూచరిజాన్ని, అంటే వేగాన్నీ యంత్రాలనూ కొలిచే కళా ఉద్యమాన్ని, ప్రకటించాడు. అందులో సిద్ధాంతం కంటే ముందు కారు ప్రమాదం వస్తుంది. ఎదురుగా ఇద్దరు సైకిళ్ల మీద రావడంతో కారు తిప్పబోయి, చక్రాలు పైకి లేచేలా గుంటలో పడతాడు. ఫ్యాక్టరీ మురుగు ఒంటికి పులుముకుని లేచి, మ్యూజియంలు, లైబ్రరీలు కూల్చెయ్యాలని తీర్మానిస్తాడు. సైకిళ్ల జోలికి మాత్రం పోలేదు, ఎందుకో మరి.

మాలో అందరికన్నా పెద్దవాళ్లకు ముప్పై ఏళ్లు, అని కూడా రాశాడు. అప్పటికి ఆయనకు ముప్పై రెండు నిండాయి. ‘మేము’లో ఆయన లేడేమో!

కలలనూ అచేతన మనసునూ కళలోకి తెచ్చిన ‘సర్రియలిజం’ దగ్గరికొచ్చేసరికి 1924 అక్టోబరులో రెండు మ్యానిఫెస్టోలు పోటీపడ్డాయి, ఒకటి ఇవాన్ గోల్‌ది, ఇంకొకటి ఆంద్రే బ్రెతాన్‌ది. ఒకే పేరు, ఇద్దరు ‘మేము’లు. ఈ తలనొప్పులేవీ లేకుండా బాగుపడ్డవాడు, అర్థాన్నే వెక్కిరించిన ‘డాడా’ ఉద్యమపు కవి త్రిస్తాన్ జారా ఒక్కడే. తాను మ్యానిఫెస్టోలకు వ్యతిరేకినని 1918లో తన డాడా మ్యానిఫెస్టోలోనే రాసేశాడు.

మళ్లీ మరినెట్టి సంగతి. మాకు నలభై వచ్చాక మాకన్నా చిన్నవాళ్లు మమ్మల్ని చెత్తబుట్టలో పడేయాలి, అదే మా కోరిక, అన్నాడు. నలభై వచ్చింది, పోయింది. 1929లో, 52వ ఏట, ముస్సోలినీ ప్రభుత్వం పెట్టిన ఇటలీ రాజ అకాడమీలో సభ్యుడై కూర్చున్నాడు. మరుసటి ఏడాది కూడా ఊరుకోలేదు. ఈసారి ఫ్యూచరిస్టు వంటకు మ్యానిఫెస్టో రాసి, ఇటలీవాళ్లు పాస్తా తినడం మానెయ్యాలన్నాడు.