అన్ని గీతలూ సున్నా నుంచే మొదలవ్వాలట!

ఓ ఫార్వర్డ్ మెసేజ్ రాయగడ నుంచి వచ్చింది, గుణుపూర్ నుంచి వచ్చింది, ఆఖరికి పర్లాకిమిడిలో నెట్ కనెక్షన్లు చూసుకునే మా బావమరిది కూడా "బావా, ఇది చదువు, పనికొస్తుంది" అని పంపాడు. నాలుగైదు మిషన్లలో నడిపిన నెట్ స్పీడ్ టెస్టులని ఒకే గ్రాఫులో గీయడానికి ఐదు సూత్రాలు, కింద దండం బొమ్మ, "ప్రతి టెక్నీషియన్‌కీ పంపండి" అని ఆజ్ఞ. పంపినవాళ్ళలో ఒక్కరైనా దీన్ని ఓ ఫైలు మీద పెట్టి చూశారా అన్నది నా అనుమానం.

మొదటి సూత్రం: "ప్రతి మిషన్ మొదటి రీడింగ్‌నీ సున్నా సెకను దగ్గర పెట్టండి, గీతలన్నీ వాటంతటవే కలుస్తాయి."

కలుస్తాయి. కొంప ముంచేది అదే.

రెండు ఊళ్ళ మిషన్లూ పంచుకునే 100 ఎంబీపీఎస్ లైను ఒకటి తీసుకోండి. రాయగడ మిషన్‌లో ఐపెర్ఫ్3 అనే స్పీడ్ టెస్ట్ ప్రోగ్రాం మొదలైంది. వేరే ఎవరూ లేరు కాబట్టి 94 దాకా లాగుతోంది. 12 సెకన్ల తర్వాత గుణుపూర్ కుర్రాడు తనది నొక్కాడు. (ఐపెర్ఫ్3 సర్వర్ ఒకసారికి ఒక్క టెస్టునే తీసుకుంటుంది, కాబట్టి ఇతనికి వేరే పోర్టులో ఇంకో సర్వర్ పెట్టారనుకుందాం.) లైను ఒకటే గనక చెరో 47 దగ్గర కుదురుకుంటారు. ఇప్పుడు సూత్రం ప్రకారం గీయండి. రాయగడ గీత 12 సెకన్ల దాకా 94లో ఉంటుంది, గుణుపూర్ గీత మొదటి నుంచే 47లో ఉంటుంది. ఐదో సెకను దగ్గర రెండూ కూడండి: 141. వంద లైనులోంచి 141 పిండిన మహానుభావులు మీరే! రాయగడ వేగం 12వ సెకనులో సగానికి ఎందుకు పడిందో మాత్రం గ్రాఫులో ఎక్కడా ఉండదు. ఇంకేముంది, "రాయగడ లైను పాడైంది" అంటారు. ఎవడో ఒకడు ఎండలో నిచ్చెన మోసుకెళ్ళి, బాగున్న ఫైబర్‌ని కోసి మళ్ళీ అతికించి వస్తాడు.

విజయనగరంలో బండెక్కినవాడూ రాయగడలో ఎక్కినవాడూ ఎవరికి వారు ఎక్కిన క్షణాన్నే సున్నా అనుకుంటే, సింగపూర్ రోడ్డు స్టేషన్లో ఒక్కసారి ఆగిన బండి లెక్కలో రెండుసార్లు ఆగుతుంది. ఇదీ అంతే.

ఐపెర్ఫ్3 ఫలితాలు రాసిచ్చే జేసన్ ఫైలు పైభాగంలో "టైమ్‌సెక్స్" (timesecs) అని ఓ పొడుగాటి అంకె ఉంటుంది. అది 1970 జనవరి 1 నుంచి గడిచిన సెకన్లు. కింద రీడింగుల్లో ఉండేది టెస్టు మొదలై ఎంతసేపైందన్నదే. రెండూ కూడితే ఆ రీడింగ్ అసలు సమయం వస్తుంది. అందరికంటే ముందు మొదలైన మిషన్‌ని సున్నా చేసి, మిగతావన్నీ దాన్నుంచే కొలవండి. టైమ్‌సెక్స్‌లో పూర్తి సెకన్లే ఉంటాయి, కాబట్టి ఒక సెకను అటూఇటూ తేడా చూసి కథలల్లకండి.

రెండోది: "ఇంకా కలవకపోతే, పల్లాలు ఒకదాని కింద ఒకటి వచ్చేదాకా గీతని జరపండి." అబ్బో! ఎవరి లైను ముందు పడిందో తేల్చడానికే కదా ఈ గ్రాఫు? అందరిదీ ఒకేసారి పడిందని ముందే తీర్పు చెప్పేసి, తర్వాత తీరిగ్గా సాక్ష్యాన్ని సర్దుతారన్నమాట. జరపాల్సి వస్తే గడియారాల తేడా ఎంతో కొలిచి, అంతే జరపాలి.

మూడోది: "దేశమంతా ఒకే టైము, టైమ్‌జోన్ గొడవ లేదు." మనుషులకి లేదు. క్లౌడ్‌లో అద్దెకి తీసుకున్న సర్వర్ చాలావరకు యూటీసీలో, అంటే ప్రపంచమంతటికీ ఉమ్మడిగా వాడే టైములో, ఉంటుంది. దాని పింగ్ లాగ్ (జవాబు ఎంతసేపట్లో వచ్చిందో టైముతో సహా రాసే ఫైలు) ఐదున్నర గంటలు ఎడంగా కూర్చుంటే ఆశ్చర్యపోకండి.

ఐదోది, "ఎక్సెల్ వద్దు, పైథాన్‌లోనే గీయాలి." మీ ఇష్టం. 141 అక్కడా 141 గానే వస్తుంది.

నాలుగోది ఆఖరికి ఉంచాను: "టెస్టుకి ముందు ఎన్‌టీపీ ఆపేయండి, లేకపోతే గడియారం దూకుతుంది." ఎన్‌టీపీ అంటే నెట్ నుంచి టైము తెచ్చి మిషన్ గడియారాన్ని సరిచేసే పద్ధతి. ఈ ఒక్కచోట మాత్రం రాసినవాడు పని చేసినవాడే అనిపించింది. టెస్టు మధ్యలో గడియారం వెనక్కి దూకితే, గడియారం టైము రాసే లాగుల్లో ఒకే సెకనుకి రెండు రీడింగులు పడతాయి, గీత మడత పడుతుంది. ఆ టెన్షన్ నిజమే. కానీ ఆపేసి మర్చిపోతే? మామూలు కంప్యూటర్ గడియారం పది లక్షల్లో 20 వంతులు తప్పడం వింతేం కాదు. అంటే రోజుకి దాదాపు 1.7 సెకన్లు, వారానికి 12. పైన గుణుపూర్ కుర్రాడి వల్ల వచ్చిన గొడవ ఎవరూ ఏమీ నొక్కకుండానే వచ్చేస్తుంది. ఆపే బదులు క్రోనీ అనే ఎన్‌టీపీ ప్రోగ్రాం పెట్టుకోండి. మామూలు సెట్టింగుల్లో అది మొదట్లోనే పెద్ద తేడాని ఒక్క దూకుతో సరిచేసి, ఆ తర్వాత గడియారాన్ని కొద్దికొద్దిగా తోస్తూ దారికి తెస్తుంది. మిషన్ ముందే ఆన్ చేసి, "క్రోనీసీ ట్రాకింగ్" కొట్టి, "సిస్టమ్ టైమ్" వరుసలో తేడా మిల్లీసెకన్లలోకి దిగాక టెస్టు మొదలుపెట్టండి.

మెసేజ్‌లో లేని సంగతి ఒకటుంది. లైను నిండా డేటా తోస్తున్నప్పుడు టైము ప్యాకెట్లు కూడా ఆ క్యూలోనే నిలబడాలి. వెళ్ళేటప్పుడు మాత్రమే 100 మిల్లీసెకన్లు ఆలస్యమైతే ఎన్‌టీపీ లెక్క 50 తప్పుతుంది. సెకనుకో రీడింగ్ తీసే గ్రాఫుకి అది ఆనదు. పది మిల్లీసెకన్లకో రీడింగ్ తీసేవాళ్ళు టైముకి వేరే లైను వాడుకోండి.