కెమెరా వెతకాల్సింది మనిషిని కాదు

విశాఖ ఆర్కే బీచ్‌లో ఏఐ కెమెరాలు పెడితే సముద్రంలో మునిగిపోయేవాళ్లని వెంటనే కనిపెట్టేస్తాయని మీ వ్యాసంలో రాశారు. ఆలోచన బాగానే ఉంది గానీ మన విశాఖ ఉప్పుగాలి సంగతి మర్చిపోయినట్టున్నారు. రోజూ తుడిచే నాథుడు లేకపోతే లెన్స్ మీద తెల్లటి పొర కట్టేస్తుంది. పైగా మునిగేవాడు సినిమాల్లో లాగా కేకలెయ్యడు, చాలాసార్లు చప్పుడు లేకుండానే వెళ్లిపోతాడు. నురగల మధ్య ఒక తలకాయని పట్టుకోవడం ఏ సాఫ్ట్‌వేర్‌కైనా కష్టమే.

నన్నడిగితే కెమెరా చూపించాల్సింది లోపలికి లాగే ప్రవాహాన్ని. పది నిమిషాల వీడియో ఫ్రేములన్నీ కలిపి సగటు తీస్తే అలలు విరిగేచోట తెల్లగా, ఆ ప్రవాహం వెళ్లే లోతైన కాలువ ఉన్నచోట నల్లటి చారలా వస్తుంది. "ఇక్కడ కెరటాలు లేవురా" అని కుర్రాళ్లు దిగేది సరిగ్గా అక్కడే! 1980ల నుంచీ ఉన్న పద్ధతే ఇది.

ఇక మునిగేవాణ్ని కనిపెట్టడానికి చేతికి బ్లూటూత్ పట్టీ కడదాం అంటారా, బ్లూటూత్ వాడే 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలు ఉప్పునీళ్లలో కొద్ది సెంటీమీటర్లకే చచ్చిపోతాయి. అయితే పట్టీ మునిగి సిగ్నల్ ఆగిపోవడాన్నే అలారంగా వాడుకోవచ్చు. కాకపోతే ఈతకొట్టేవాడు చెయ్యి ముంచిన ప్రతిసారీ మోగకుండా కాస్త వ్యవధి పెట్టాలి. ఏది పెట్టినా ముందు యారాడ, అప్పికొండ బీచ్‌ల వైపు పెట్టండి బాబూ, ఆర్కే బీచ్‌లో కనీసం జనమైనా ఉంటారు.